మా లెక్కలకు అద్దె యిల్లా? సొంత యిల్లా?

మాది చోడవరము. మొన్నమొన్నటివరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి జిల్లాలో చేరినది. చుట్టును చెరకు తోటలు, ప్రక్కనే గోవాడ చక్కెర కర్మాగారము, దాపుననే అనకాపల్లి బెల్లపు బజారు. ఇట్టి చోట కాపురము చేయు ఆడుదానికి పాకము పట్టుట యెవరును నేర్పనక్కరలేదు. లెక్కలు పట్టుట మాత్రము నాకు రాదని 2023 సంక్రాంతి పండుగలో తెలిసివచ్చెను.

మేము 14 మంది స్త్రీలము కలసి అరిసెలు, నువ్వుల ఉండలు, సున్నుండలు చేసి అమ్ముచున్నాము. పిండి, బెల్లము, నేయి అందరి సొమ్ముతో కొందుము. ఎవరి యింట వారు చేసి, అరకిలో డబ్బాలలో కట్టి మా యింటికి తెత్తురు. డబ్బాకు 18 రూపాయలు కూలి. మొదట నేనొక్కతెనే కాగితపు పుస్తకములో వ్రాయుచుంటిని. విశాఖపట్టణము నుండియు, హైదరాబాదు నుండియు, అమెరికాలోని మా వారి పిల్లల నుండియు ఆర్డర్లు హెచ్చిన కొలది పుస్తకము చాలక, ఫోనులో గడులు గీసిన పట్టికలోనికి లెక్కలు మార్చితిమి. నాతోబాటు మరి యిద్దరు తమ ఫోనుల నుండి అందులో వ్రాయుచుండిరి.

మాలో పెద్దామె యొకరు కలరు. ఆమెను మేమందరము అప్ప యని పిలుతుము. చదువు రాదు. ఒక్కొక్క డబ్బా కట్టినప్పుడెల్ల పొయ్యి ప్రక్క గోడమీద బొగ్గుతో నొక గీత గీయును. నాలుగు గీతలైన పిమ్మట అయిదవ దానిని అడ్డముగా గీయును. పండుగ కూలి పంచునాడు నేను ఆమెకు 197 డబ్బాలని చదివితిని.

"నా గోడ మీద 212 ఉన్నాయి తల్లీ" అనెను.

"ఫోను లెక్క తప్పదు అప్పా. నీ గీతే ఎక్కడో రెండుసార్లు పడుంటుంది" అంటిని. పదుముగ్గురు వినుచుండగా అంటిని.

ఆమె మారు పలుకక యిచ్చినది కొంగున ముడివేసికొని వెడలిపోయెను. మూడు దినములు నా మనస్సు కుదుటపడలేదు. నాలుగవనాడు పట్టిక యొక్క పాత ప్రతులను ఒక్కొక్కటిగా తెరచి చూడగా సంగతి బయటపడెను. మాలో నొకరు ఒక దినపు లెక్కను వేరొక దినపు వరుసలపై అతికించిరి. క్రింది వరుసలు మాసిపోయినవి. వానిలో అప్పవి 15 డబ్బాలు. వాని కూలి సొమ్ము తీసికొని ఆమె యింటికి పరుగెత్తితిని. ఆమె సొమ్ము లెక్కపెట్టుకొనలేదు. "డబ్బుల మాట సరే. నేను అబద్ధం ఆడేనని కదా అందరూ అనుకున్నారు?" అని మాత్రము అడిగెను. దానికి నేను ఏమి చెప్పగలను? మరునాటి నుండి మరల కాగితపు పుస్తకమే తీసితిని.

ఆ సంవత్సరము వినాయక చవితికి మా స్వయంభూ విఘ్నేశ్వరుని దర్శనమునకై మా అన్నగారి కుమారుడు విశాఖపట్టణము నుండియు, మా కోడలు హైదరాబాదు నుండియు వచ్చిరి. ఇరువురును కంప్యూటరు పనివారే. అతడు ప్రోగ్రాములను మొదటి అక్షరము నుండి చేతితో వ్రాయువాడు. ఆమె లో-కోడ్ అను పద్ధతిలో, సిద్ధముగా నున్న అమరికలను కూర్చి పని నడిపించునది. ఉండ్రాళ్ళు తినుచుండగా నా లెక్కల కష్టము చెప్పితిని. ఆ రాత్రి రెండు జాములదాక మా యింట నిద్ర లేదు.

సోదరీమణులలో ఈ మాటలు వినని వారుందురు గనుక నాకు తెలిసినంత చెప్పెదను. ఫోను తెరపై మనకు కనబడు మీటలు, బొమ్మలు ఇంటి వసారా వంటివి. వచ్చినవారు కూర్చుండునది అక్కడ. వంట, దినుసుల గది, నీళ్ళ కుండలు పెరటివైపున నుండును. ఎవరు ఎన్ని డబ్బాలు తెచ్చిరో దాచుట, కూలి కట్టుట, ఎవరు ఏ లెక్క చూడవచ్చునో నిర్ణయించుట, పోయినదానిని మరల తెచ్చుటకు నకలు ఉంచుట, ఇవన్నియు ఆ పెరటి పనులు. దానినే వారు బ్యాకెండు అందురు. వసారాకు రంగు వేసికొనుట సులభమే. పెరటిని ఎవరిచేత కట్టింపవలెను? కొలతలిచ్చి సొంతముగా కట్టించుకొనవలెనా, కట్టి యున్నదానిలో అద్దెకు చేరవలెనా? ఇదియే తగవు.

మా అల్లుడు (అన్న కుమారుడైనను మాకు అల్లుడే గదా) సొంత యింటి పక్షము వహించెను. "అత్తా, నీ పట్టికలో తప్పు ఎందుకొచ్చిందో చూడు. ఒకరి రాతమీద ఇంకొకరి రాత పడనిచ్చింది. అసలైన డేటాబేసు అలా పడనివ్వదు" అనెను. డేటాబేసన సంబంధము గల పట్టికల కూర్పు. ఎడ్గర్ కాడ్ అను విద్వాంసుడు 1970లో ఆ పద్ధతిని లోకమునకు వివరించెను. అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయములో 1986లో మొదలైన పనినుండి పెరిగిన పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు నేడు ఎవరికైనను ఉచితముగా దొరకును. అందులో ఒక పని అయిన సంపూర్ణముగా అగును, లేనిచో అసలే కాదు. నా వద్ద అయిదు డబ్బాలే మిగిలియుండగా ఇద్దరు ఒకే క్షణమున రెండు ఫోనులలో అమ్మినను, అది మొదటివారికిచ్చి రెండవవారికి లేవని చెప్పును. ఇది విని నాకు ముచ్చటవేసెను. పండుగ రద్దీలో నేను కూడ అంత నిబ్బరముగా చెప్పలేను.

"ఎంత అగును?" అని అడిగితిని. తనకు తీరిక లేదు గనుక మరియొకరిచేత చేయించవలెననియు, మూడు మాసములు పట్టుననియు, 1,60,000 రూపాయలు కావలెననియు చెప్పెను. పెట్టెలో మాకున్నది 2,10,000. అది పదునలుగురి పొదుపు. అందులో నుండియే వచ్చే పండుగకు బెల్లపు దిమ్మలు కొనవలెను.

మా కోడలు వాదింపలేదు. దీపములు పెట్టినది మొదలు వడ్డనవేళ వరకు తన కంప్యూటరు ముందు కూర్చుండి, భోజనములైన పిమ్మట నా చేతికి ఫోను ఇచ్చెను. అందులో మా పదునలుగురి బొమ్మలున్నవి! బొమ్మమీద వ్రేలు పెట్టిన ఆమె పేరిట ఒక డబ్బా చేరును. పొరబాటైన వెనుకకు తీసికొనవచ్చును గాని ఆ తీసికొన్న సంగతియు అందులో నిలిచియుండును. "అత్తయ్యగారూ, అప్పగారికి చదువు రాకపోయినా తన బొమ్మ తను గుర్తుపడతారు కదా" అనెను. ఆ మాటతో నా మనస్సు సగము అద్దె యింటివైపు తిరిగెను.

ఇక్కడ నేనొక సంగతి చెప్పకుండ ఉండలేను. ప్రోగ్రాము వ్రాయుట రానివారు కూడ యంత్రముచేత పని చేయించుకొనవలెనను కోరిక క్రొత్తది కాదు. దానికై మొదట పాటుపడినవారిలో ఒక స్త్రీ కలదు. అమెరికా నౌకాదళములో పనిచేసిన గ్రేస్ హాపర్ అను గణిత పండితురాలు 1952లో ఏ-0 అను సాధనమును రచించెను. తరువాత ఆమె బృందము, వ్యాపారపు లెక్కలు చూచువారు వాడుక ఆంగ్లపు మాటలతోనే యంత్రమునకు ఆజ్ఞలీయునట్లు ఫ్లో-మాటిక్ అను భాషను కల్పించెను. 1959లో మొదలైన కోబాల్ భాషకు అది ఆధారములలో నొకటి. మన పొరుగున తమిళనాట నెలకొన్న జోహో సంస్థవారి క్రియేటర్ 2006లోనే వెలసినది. లో-కోడ్ అను పేరును ఫారెస్టర్ అను పరిశోధన సంస్థ 2014లో పెట్టినదట. పేరుకంటె ముందే బిడ్డ నడక నేర్చినదన్నమాట.

అల్లుడు ఊరకుండునా? "అద్దె యిల్లు ఖాళీ చేయమంటే?" అనెను. అతడు చెప్పిన రెండు సంగతులు నన్ను కలవరపెట్టినవి. పార్స్ అను నొక సిద్ధ బ్యాకెండును ఫేస్‌బుక్ సంస్థ 2013లో కొని, 2016 జనవరిలో మూసివేయుదుమని చెప్పి, 2017 జనవరిలో మూసివేసినది. వాడువారికి ఒక సంవత్సరము గడువిచ్చి, మూలమును అందరికిని వదలినది గనుక నేర్పరులు తమ లెక్కలను వేరొక చోటికి తరలించుకొనిరి. గూగుల్ వారు యాప్ మేకర్ అను లో-కోడ్ సాధనమును 2021 జనవరి 19న నిలిపివేసిరి. అంత గొప్పవారి యిండ్లే అట్లు మూతపడినచో ఇతరుల మాట యేమి? అదిగాక తలకింత యని మాసపు అద్దె. పదునలుగురికి పదునాలుగు అద్దెలు. ఒకే పేరుతో అందరును ప్రవేశింతుమన్నచో చాల సంస్థలవారు ఒప్పుకొనరు. ఒప్పుకొన్నను ఎవరు వ్రాసిరో తెలియదు. మరల నా పాత కథయే.

"అన్నయ్యా, మీరు కట్టే సొంత యింటికి కాపలా ఎవరు?" అని కోడలు నెమ్మదిగా అడిగెను. ఈ ప్రశ్నకు జవాబు నాకే తెలియును. మా యెరుకలోని ఒక వ్యాపారి ఇట్లే సొంతముగా ప్రోగ్రాము వ్రాయించుకొనెను. వ్రాసిన చిన్నవాడు విదేశమునకు వెళ్ళెను. సర్వరు అద్దె కట్టవలసిన దినము వ్యాపారికి తెలియదు, తాళపుమాట అంతకంటె తెలియదు. ఒకనాడు తెర తెరచిన ఏమియు లేదు. పదునేను దినములు తిరిగి తిరిగి ఆ చిన్నవానిని పట్టుకొన్నగాని లెక్కలు దొరకలేదు. సొంత యిల్లనినచో కప్పు నేయించుట, చెదలు దులుపుట మనదే గదా. ప్రోగ్రామునకును అంతే. దొంగలు దూరకుండ ఎప్పటికప్పుడు మరమ్మతులు చేయవలెను, నకళ్ళు తీయవలెను, తీసిన నకలు నిజముగా తెరచుకొనునో లేదో చూడవలెను. భోగినాటి అర్ధరాత్రమున అది నిలిచిపోయిన, చేతులకు పిండి అంటియున్న మేము ఎవరిని లేపుదుము? మా అల్లుడు కొంతసేపు తల గోకుకొనెను. బంగారము వంటి పిల్లవాడు, అబద్ధమాడలేదు.

తెల్లవారిన తరువాత ఇరువురును ఒకే మాట చెప్పిరి: ఇల్లు ఏదైనను ముందు నీ కూలి నియమములను తెలుగులో కాగితముమీద వ్రాసి యిమ్మనిరి. అదెంత పని యనుకొంటిని. డబ్బాకు 18 రూపాయలు. పండుగలలో 100 డబ్బాలు దాటిన పైవానికి 20. విరిగినవి లెక్కకు రావు. అడ్వాన్సు తీసికొన్నవారికి కూలిలో విరుపు. ఇక్కడ నా కలము ఆగెను. ఎంత విరుపు?

సాయంకాలము అందరిని పిలిచి అడిగితిని. ఒకామె, అడ్వాన్సంతయు మొదటి కూలిలోనే పోవలెనని తలచుచున్నది. మరియొకామె వారమునకు మూడవవంతు అనెను. ఇంకొకామె, పండుగ దాటువరకు ముట్టరాదని మనము మొదటనే అనుకొన్నాము గదా అని నన్నే నిలదీసెను. పాత పుస్తకము తీసి చూచితిమి. చూడగా తేలినదేమనగా, నేను ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా విరిచియున్నాను. పిల్లల ఫీజని కన్నీరు పెట్టుకొన్నవారికి తక్కువ. గట్టిగా అడిగినవారికి మరీ తక్కువ. ఏమియు అడుగని అప్పకు ఒక్కసారిగా అంతయు. నేను దుర్బుద్ధితో చేయలేదు. ముఖము చూచి చేసితిని. అంకెలు మాత్రము ముఖములు చూడవు; వరుసగా నిలిచి నా పక్షపాతమును చూపినవి. సిగ్గుతో తల యెత్తలేకపోతిని.

ఆ వాదము రెండు సాయంకాలములు సాగెను. చివరకు వారమునకు మూడవవంతునకు మించి విరువరాదని, పండుగ వారము అసలు విరువరాదని అందరును ఒప్పుకొనిరి. చదువు వచ్చినవారు చేవ్రాలు చేసిరి, రానివారు వ్రేలిముద్ర వేసిరి. 1,60,000 రూపాయలు పోసినను, మాసమాసము అద్దె కట్టినను ఈ పని మాకు ఎవరును చేసిపెట్టరు. ఈ తగవు తీరకముందే ప్రోగ్రాము వ్రాయించియుంటిమేని నా పక్షపాతమే యంత్రములో కూర్చుండి, పైగా ఫోను లెక్క తప్పదన్న గౌరవము పొందెడిది.

ఇంతకును ఏమి నిర్ణయించితిమి? కోడలు చూపిన బొమ్మల ఫోనునే డబ్బాలు వ్రాయుటకు పెట్టుకొంటిమి. వ్రాయు అధికారము ముగ్గురికే. మూడు అద్దెలు చాలినవి. బొమ్మమీద వ్రేలు ఎవరిదైనను, ఏ ఫోనులో వ్రాయబడినదో నిలిచియుండును. కూలి కట్టు లెక్కను మాత్రము అందులో పెట్టలేదు. పండుగ ధర, మూడవవంతు విరుపు, మిగులు అడ్వాన్సు కలసినప్పుడు ఆ సిద్ధ అమరికలో సూత్రముపై సూత్రము అతికింపవలసి వచ్చెను. మరునాడు ఏది యెందుకు పెట్టితినో తనకే తెలియకపోవుచున్నదని కోడలే ఒప్పుకొనెను. అదిగాక, ఆ యిల్లు విడుచునప్పుడు మన వరుసలను ఫైలుగా వెంట తెచ్చుకొనవచ్చును గాని, అందులో అమర్చిన నియమములు వెంట రావట. సామానులు తెచ్చుకొందుము, గోడలోని అలమరలు తెచ్చుకొనలేము గదా. అందుచేత ప్రతి శనివారము రాత్రి ఆ వారపు వరుసలను ఫైలుగా దింపుకొందుము. మా అల్లుడు రెండు ఆదివారములు కూర్చుండి వ్రాసిన చిన్న ప్రోగ్రాము ఒకటి మా యింటి కంప్యూటరులో నున్నది. అది ఆ ఫైలును చదివి ఒక్కొక్కరికి కూలి చీటి అచ్చు తీయును. రేపు అద్దె యిల్లు మారినను ఆ ఫైలుండును, చీటి వచ్చును. ప్రోగ్రామే చెడినచో చేవ్రాళ్ళున్న కాగితము ముందు పెట్టుకొని చేతితో కట్టుకొందుము. తాళపుమాటలను ఒక కవరులో పెట్టి బీరువాలో దాచితిని; ఆ సంగతి మరియిద్దరికి తెలియును.

బ్యాంకు ఖాతాల అంకెలను మాత్రము ఆ బొమ్మల ఫోనులో ఎక్కింపనీయలేదు. 2023లో మన దేశమున వ్యక్తుల వివరములను కాపాడుటకు చట్టము వచ్చినది. చట్టము మాట అటుంచి, పరుల సొమ్ము జాడ నా చేతిలో నుండగా నాకు నిద్ర పట్టదు.

ఈ కూర్పు అందరికిని సరిపడునని నేననను. మాది పదునలుగురి పని. మాకు రోజుకు వేయి ఆర్డర్లు వచ్చుచున్నచో, లేక అమ్ముకొనునది ఆ ప్రోగ్రామే అయినచో, అల్లుని మాటయే విందును. మా వీధిలో రవికలు కుట్టు ఆమెకు నెలకు ముప్పది ఆర్డర్లు. ఆమె నన్ను సలహా యడుగగా కాగితపు పుస్తకమే మేలంటిని. ఉన్న యిబ్బందిని ముందు కాగితముమీద వ్రాయనిదే ఎవరికిని సొమ్ము ఈయవద్దని కూడ చెప్పితిని. ఆమె నవ్వి, మీరు చెప్పుటకు ఫీజు ఎంత యనెను.

శనివారము చీటీలు పంచునప్పుడు ఒక్కొక్కరి లెక్కను పైకి చదువుదుము. మొదట అప్ప వద్దనే మొదలుపెట్టుదుము. ఆమె తన బొమ్మను గుర్తుపట్టినది. ఫోనులో తానే వ్రేలు పెట్టి నొక్కును. నొక్కిన ప్రతిసారి నా ముఖము చూచి నవ్వును. అయినను గోడమీద గీతలు మానలేదు. మానుమని నేనును అనలేదు. నిరుడు సంక్రాంతికి ఇల్లు సున్నము వేయించునప్పుడు ఆ గోడభాగమును మాత్రము వేయవద్దని సున్నము వేయువానితో తగవు పెట్టుకొన్నదట.

ఈ వారము గోడమీద 63 గీతలున్నవి. ఫోనులో 62 ఉన్నవి. ఈ వ్యాసము ముగించి, టార్చిలైటు తీసికొని ఆమె యింటికి పోవుచున్నాను.